అంతరాత్మ ప్రబోధం ఎదుట నిలిచిన అభ్యర్థి: శ్రీ నీలం సంజీవరెడ్డి

భారత రాష్ట్రపతి పదవికి ఇంతవరకు జరిగిన ఎన్నికలలో అధిక భాగం, ఓట్లు లెక్కింపకముందే ఫలితం తెలిసినవి. 1969 ఆగస్టు 16వ తేదీన జరిగిన ఎన్నిక అట్టిది కాదు. నాడు పోటీలో ప్రధానంగా నిలిచిన ఇరువురూ తెలుగువారే. ఒకరు అధికార పక్షం తన అభ్యర్థిగా ప్రకటించిన శ్రీ నీలం సంజీవరెడ్డి. మరొకరు ఏ పక్షపు ముద్రా లేకుండా స్వతంత్రంగా నిలిచిన శ్రీ వరాహగిరి వేంకటగిరి. సంజీవరెడ్డిగారి నామినేషన్ పత్రంపై సంతకం చేసిన ప్రధానమంత్రియే, తీరా ఓటింగు సమీపించేసరికి ఆయనకు ఓటు వేయుడని తన పక్షం వారిని కోరలేదు. ఎవరి అంతరాత్మ చెప్పినట్లు వారు ఓటు వేయవచ్చునన్నారు. సంజీవరెడ్డిగారు ఓడిపోయారు. ఎనిమిదేండ్ల తరువాత అదే పదవికి ఆయనను ఒక్క ఓటు అవసరం లేకుండా దేశమంతా ఏకగ్రీవంగా ఎన్నుకొన్నది. ఒకే వ్యక్తి విషయంలో ఇంత విభేదమూ, ఇంత ఏకాభిప్రాయమూ ఎట్లు సంభవించినవో తెలుసుకొనుటకు ఆయన జీవితాన్ని మొదటినుండి చూడవలసి ఉన్నది.

సంజీవరెడ్డిగారు 1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరు గ్రామంలో వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. మద్రాసు అడయారులోని థియొసాఫికల్ పాఠశాలలోను, పిదప అనంతపురం ప్రభుత్వ కళాశాలలోను చదివారు. 1929లో గాంధీమహాత్ముడు అనంతపురం ప్రాంతానికి వచ్చినపుడు ఆ యువకుని మనస్సు చలించింది. విదేశీ వస్త్రాలు విడిచి ఖద్దరు ధరించారు. 1931లో చదువుకు స్వస్తి చెప్పి ఉద్యమంలో ప్రవేశించారు. పట్టభద్రుడు కాలేకపోయిన ఆ విద్యార్థి తరువాత రెండుమార్లు లోకసభకు అధ్యక్షుడై, న్యాయ కోవిదుల వాదాలను విని తీర్పులు చెప్పవలసి వచ్చింది. 1938లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘానికి కార్యదర్శియై, పదేండ్లు ఆ బాధ్యత వహించారు.

1940 నుండి 1945 వరకు ఆయన జీవితం చాలా భాగం కారాగారాలలోనే గడచింది. 1942 మార్చిలో విడుదలై, క్విట్ ఇండియా ఉద్యమంలో ఆగస్టులో మరల నిర్బంధితులై అమరావతి జైలుకు పంపబడ్డారు. ఈ అమరావతి కృష్ణాతీరంలోనిది కాదు, విదర్భలోనిది. అక్కడ ఆయనకు తోడుగా ఉన్నవారిలో టంగుటూరి ప్రకాశం పంతులు, సత్యమూర్తి, కామరాజ్, వి.వి. గిరి ఉన్నారు. ఒకే జైలు అన్నం తిన్న ఆ నలుగురిలో ఒకరి మంత్రివర్గంలో సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి కావలసి ఉన్నది. మరొకరు ఆయనను రాష్ట్రపతి పదవికి ప్రతిపాదించవలసి ఉన్నది. వేరొకరు ఆ పదవికే ఆయనతో పోటీపడి గెలువవలసి ఉన్నది.

స్వాతంత్ర్యానికి ముందు 1946లో మద్రాసు శాసనసభకు ఎన్నికై, రాజ్యాంగ నిర్మాణ సభలో సభ్యులై, 1949 నుండి 1951 వరకు మద్రాసు రాష్ట్రంలో మంత్రిగా పనిచేశారు. 1951లో ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి ఆచార్య రంగాగారిపై పోటీచేసి నెగ్గారు. ఆ ఎన్నిక పర్యవసానంగా రంగా, ప్రకాశంగార్లు కాంగ్రెసును విడనాడారు. అనగా పక్షాన్ని చీల్చిన ఎన్నిక ఆయన జీవితంలో 1969 నాటిది మొదటిది కాదు. వెనువెంటనే వచ్చిన సాధారణ ఎన్నికలలో అనంతపురంలో కమ్యూనిస్టు నాయకులు తరిమెల నాగిరెడ్డి చేతిలో ఓడిపోయారు. నాగిరెడ్డిగారు ఆయనకు స్వయానా బావమరది. బంధుత్వం వేరు, ఓటు వేరు అన్నది రాయలసీమ ఓటర్లు ఆనాడే చూపించారు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినపుడు ప్రకాశంగారు తిరిగి కాంగ్రెస్ మద్దతుతోనే ముఖ్యమంత్రి కాగా, సంజీవరెడ్డిగారు ఉపముఖ్యమంత్రి అయ్యారు. 1955లో బెజవాడ గోపాలరెడ్డిగారి ప్రభుత్వంలోను అదే స్థానంలో ఉన్నారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినపుడు ప్రథమ ముఖ్యమంత్రి పదవి ఆయనను వరించింది.

తెలంగాణ ప్రాంతంవారు ఆయన జీవితంలోని ఈ ఘట్టాన్ని వేరొక దృష్టితో చదువుతారు, అందుకు కారణమూ ఉన్నది. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందంపై ఆంధ్ర పక్షాన సంతకం చేసిన నలుగురిలో సంజీవరెడ్డి ఒకరు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవారైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతంవారు కావలెనని అందులో ఉన్నది. మంత్రివర్గంలో తెలంగాణకు నూటికి నలుబది స్థానాలు ఇవ్వవలెనని, వారిలో ఒకరు తెలంగాణ ముస్లిం అయి ఉండవలెనని ఉన్నది. తెలంగాణ పరిపాలనలో, న్యాయస్థానాలలో ఉర్దూకు అంతవరకున్న స్థానం అయిదేండ్లపాటు కొనసాగవలెనని కూడా ఉన్నది. ఉర్దూ, తెలుగు రెండు భాషలలో ఈ సంచిక చదువుకొనే విద్యార్థులు ఈ చివరి మాటను గుర్తుంచుకొనవచ్చును. అయితే సంజీవరెడ్డిగారి తొలి మంత్రివర్గంలో ఉపముఖ్యమంత్రియే లేరు. ఆ పదవిని ఆయన చేతికి ఉండే ఆరవ వేలితో పోల్చి అనవసరమన్నారన్న మాట తెలంగాణలో ఇప్పటికీ చెప్పుకొంటారు. రెండుమార్లు ఉపముఖ్యమంత్రిగా ఉన్నవారు ఆ మాట అనుట విచిత్రమే. సంతకం చేసిన పత్రాన్ని తొలినాటనే పక్కన పెట్టడం ఆయన రాజనీతికి శోభ తెచ్చిన పని కాదు. పదమూడేండ్ల తరువాత ఆయన రాష్ట్రపతి పదవికి నిలిచిన నాటికి ఇదే అసంతృప్తి తెలంగాణ అంతటా ఉద్యమమై మండుచున్నది.

ఇట్లని ఆయన పరిపాలనలో మేలు జరుగలేదనుట అన్యాయం. 1959 అక్టోబరులో పంచాయతీరాజ్ వ్యవస్థ, రాజస్థాన్ తరువాత దేశంలో రెండవదిగా, మన రాష్ట్రంలో షాద్‌నగర్‌లో నెహ్రూగారి చేతులమీదుగా ప్రారంభమైంది. 1963 జులై 26న గోదావరిపై పోచంపాడు ప్రాజెక్టుకు నెహ్రూగారు శంకుస్థాపన చేసినపుడు ముఖ్యమంత్రి సంజీవరెడ్డియే. అదే పిమ్మట శ్రీరాంసాగర్ అయినది. దాని కాకతీయ కాలువ నీరు మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల పొలాలకు పారిన తరువాత వరి ఎట్లు పెరిగినదో ఇక్కడి రైతు కుటుంబాల పిల్లలకు వేరుగా చెప్పనక్కరలేదు.

1960 నుండి 1962 వరకు అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షులుగా ఉండి, 1962లో తిరిగి ముఖ్యమంత్రియై, 1964లో రాజీనామా చేశారు. కర్నూలు జిల్లాలో బస్సు మార్గాల జాతీయీకరణపై సుప్రీంకోర్టు తీర్పులో ప్రభుత్వ ప్రవర్తనపై వచ్చిన వ్యాఖ్యలే అందుకు కారణం. దిగిపోవలెనని ఆయనను కోర్టు ఆదేశించలేదు. తరువాత శాస్త్రిగారి మంత్రివర్గంలో ఉక్కు, గనుల శాఖను, ఇందిరాగాంధీ మంత్రివర్గంలో రవాణా శాఖను నిర్వహించారు. 1967లో హిందూపురం నుండి లోకసభకు ఎన్నికై సభాపతి అయ్యారు. అయిన వెంటనే కాంగ్రెస్ సభ్యత్వానికి రాజీనామా చేశారు. సభాపతి ఏ పక్షానికీ చెందరాదని భావించి అట్లు రాజీనామా ఇచ్చిన మొదటి సభాపతి ఆయనయే. రాష్ట్రపతి ప్రసంగించిన రోజుననే ప్రభుత్వంపై అవిశ్వాస తీర్మానాన్ని చర్చకు అనుమతించి పాలకపక్షాన్ని ఆశ్చర్యపరచారు.

1969 మే 3న రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుస్సేన్ పదవిలో ఉండగానే దివంగతులయ్యారు. హైదరాబాదులో జన్మించి, విద్యారంగానికి జీవితం ధారపోసి రాష్ట్రపతి భవనం చేరిన ఆ మహనీయుడు 1967లో గెలిచినది కూడా ఒక తెలుగువారిపైననే. ఆయనకు ప్రతిపక్షాల అభ్యర్థిగా పోటీ ఇచ్చినవారు ప్రధాన న్యాయమూర్తి పదవిని విడిచి వచ్చిన కోకా సుబ్బారావు. జాకిర్ హుస్సేన్ మరణంతో ఉపరాష్ట్రపతి గిరిగారు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. ఆ పదవిలో స్థిరపడగోరినవారిలో ఆయన మొదటివారు.

కాంగ్రెసులో అప్పటికే రెండు శిబిరాలు ఏర్పడి ఉన్నవి. నిజలింగప్ప, కామరాజ్, ఎస్.కె. పాటిల్, మొరార్జీ దేశాయి వంటి పెద్దలు ఒకవైపు. వారిని పత్రికలు సిండికేట్ అని పిలిచేవి. ప్రధాని ఇందిరాగాంధీ వేరొకవైపు. జులైలో బెంగుళూరులో పార్లమెంటరీ బోర్డు సమావేశమైనపుడు ప్రధాని జగ్జీవన్ రాం పేరు సూచించగా, పెద్దలు సంజీవరెడ్డి పేరు ప్రతిపాదించారు. చవాన్ కూడా వారితో చేరినందున అధిక సంఖ్యాకుల మాట నెగ్గింది. సంజీవరెడ్డి రాష్ట్రపతి అయినచో తనను పదవినుండి తొలగించే మార్గం సిండికేట్‌కు సుగమమవుతుందని ప్రధాని శంకించారు. ఆ శంక ఎంత సత్యమో చెప్పుట కష్టం. పక్షానికి రాజీనామా ఇచ్చిన సభాపతిని ఒక శిబిరపు పావుగా చూచుట ఆయనకు న్యాయం చేయుట కాదని నా అభిప్రాయం. కాని ఆ ఎంపిక ఆయన శీలాన్ని బట్టి కాక, ఆయన ఎవరి పక్షాన ఉంటారన్న లెక్కను బట్టి జరిగిందన్నది మాత్రం కాదనలేము. అభ్యర్థి వివాదాస్పదుడగుటకు అది చాలును.

తరువాతి సంఘటనలు వడివడిగా సాగినవి. జులై 16న మొరార్జీ దేశాయి నుండి ఆర్థికశాఖను ప్రధాని తొలగించారు. 19న పదునాలుగు పెద్ద బ్యాంకులను జాతీయం చేస్తూ ఆర్డినెన్సు వెలువడింది. దానిపై సంతకం చేసినవారు గిరిగారు. మరునాడే ఆయన రాజీనామా ఇచ్చి పోటీకి దిగారు. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి స్థానాలు రెండూ ఖాళీ అయినందున ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ హిదాయతుల్లా నెలరోజులపైన రాష్ట్రపతి బాధ్యతలు వహించారు. సంజీవరెడ్డిగారు కూడా సభాపతి పదవిని వదలుకొన్నారు. జనసంఘం, స్వతంత్ర పార్టీలు మాజీ ఆర్థికమంత్రి సి.డి. దేశ్‌ముఖ్‌ను నిలిపినవి. కమ్యూనిస్టులు, డి.ఎం.కె., అకాలీదళ్, ముస్లిం లీగ్ గిరిగారికి మద్దతు పలికినవి.

ఈ ఎన్నిక విధానం విద్యార్థులు తెలుసుకొనదగినది. రాష్ట్రపతిని ప్రజలు నేరుగా ఎన్నుకొనరు. పార్లమెంటు సభ్యులు, రాష్ట్ర శాసనసభల సభ్యులు ఎన్నుకొంటారు. ఓటు రహస్యం. ఓటరు అభ్యర్థుల పేర్ల ఎదుట ఒకటి, రెండు, మూడు అని తన ప్రాధాన్య క్రమం వ్రాస్తాడు. ఆనాడు పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 576. ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యుని ఓటు విలువ 125. రహస్య పత్రంపై ఎవరు ఏ అంకె వేశారో పక్షం కనుగొనలేదు గనుక, ఈ ఎన్నికలో విప్ అన్నది ఆజ్ఞకంటె అభ్యర్థనగానే మిగులుతుంది. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం కూడా రాష్ట్రపతి ఎన్నికకు వర్తించదు.

అయినను విప్ ఇవ్వవలెనని నిజలింగప్ప ప్రధానిని కోరారు. ఆమె ఇవ్వలేదు. ఈలోగా నిజలింగప్ప జనసంఘం, స్వతంత్ర పార్టీల నాయకులను కలిసి, వారి రెండవ ప్రాధాన్య ఓటు సంజీవరెడ్డికి ఇప్పింపుడని కోరారు. ఇదే ప్రధాని వర్గానికి ఆయుధమైంది. జగ్జీవన్ రాం, ఫక్రుద్దీన్ అలీ అహమ్మద్ ఈ మంతనాలకు అభ్యంతరం తెలుపుతూ, సభ్యులకు స్వేచ్ఛగా ఓటు వేసే హక్కు ఉండవలెనని నిజలింగప్పకు వ్రాశారు. అంతరాత్మ ప్రబోధం అనే మాట ఆ దినాలలో తెలుగు పత్రికలన్నింటిలోను మారుమ్రోగింది. ఇంతలో పార్లమెంటు సెంట్రల్ హాలులో సంజీవరెడ్డిగారి వ్యక్తిగత జీవితాన్ని నిందించే కరపత్రం ఒకటి పంచబడింది. అంతరాత్మ పేరిట జరుగుచున్న పోరాటంలో అంత హీనమైన పత్రానికి చోటు దొరకడం శోచనీయం.

మన ప్రాంతపు శాసనసభ్యులు కూడా ఈ ఎన్నికలో ఓటర్లే. నాడు జగిత్యాల, సిరిసిల్ల కరీంనగర్ జిల్లాలోని తాలూకాలు. సిరిసిల్ల నుండి 1967లో ఎన్నికైన చెన్నమనేని రాజేశ్వరరావుగారు కమ్యూనిస్టు. ఆయన పక్షం గిరిగారిని బలపరచినది గనుక ఆయనకు పక్షం మాటకు, ఓటుకు మధ్య పేచీ లేదు. పేచీ అంతా కాంగ్రెస్ సభ్యులకే. తెలంగాణలో ప్రత్యేక రాష్ట్రోద్యమం సాగుచున్న ఆ యేడు కళాశాలలు నెలల తరబడి మూతపడినవి. పక్షం నిలిపిన అభ్యర్థి పెద్దమనుషుల ఒప్పందంపై సంతకం చేసిన వ్యక్తి. ఆయన ప్రత్యర్థి బరంపురంలో జన్మించి కార్మికోద్యమంలో పండిన వృద్ధుడు. ఆ సభ్యుల ఎదుట ఉన్నది ఒక్క ఢిల్లీ తగాదా మాత్రమే కాదు.

ఆగస్టు 20న లెక్కింపు జరిగింది. చెల్లిన ఓట్ల మొత్తం విలువ 8,36,337. గెలుపునకు కావలసినది 4,18,169. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చినవి. ఎవరికీ కావలసిన సంఖ్య రాలేదు. పోటీలో ఉన్న పదునైదుగురిలో తక్కువ వచ్చినవారిని ఒక్కొక్కరిని తొలగిస్తూ వారి తదుపరి ప్రాధాన్యాలు పంచగా చివరకు గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 అయినవి. ఈ అంకెలను కొంచెం నిదానించి చూడవలెను. పంపకంలో గిరికి చేరినవి పద్దెనిమిది వేల పైచిలుకు మాత్రమే. సంజీవరెడ్డికి చేరినవి తొంబదియొక్క వేలకు పైన. అనగా నిజలింగప్ప అడిగిన పరాయి పక్షాల రెండవ ఓట్లు చాలవరకు వచ్చినవి. రానివి స్వంత పక్షంలోని మొదటి ఓట్లు. చివరి తేడా 14,650. పదముగ్గురు పార్లమెంటు సభ్యులు చివరి లెక్కలో ఇటునుండి అటు మారి ఉన్నచో ఫలితం తారుమారయ్యేది. అంతటి దేశంలో అంత స్వల్ప సంఖ్య!

ఆగస్టు 24న గిరిగారు ప్రమాణ స్వీకారం చేశారు. నవంబరులో కాంగ్రెస్ రెండుగా చీలిపోయింది. ఎన్నిక చెల్లదని దాఖలైన వ్యాజ్యంలో రాష్ట్రపతి గిరి స్వయంగా సుప్రీంకోర్టుకు వచ్చి సాక్ష్యమిచ్చారు. కరపత్రం సంగతి అక్కడ విపులంగా విచారింపబడింది. 1970లో వ్యాజ్యం కొట్టివేయబడింది.

అంతరాత్మ ఓటు గొప్పదా, పక్ష క్రమశిక్షణ గొప్పదా అని మన చర్చావేదికలలో వాదించుట సులభమే. 1969లో ఈ రెండు మాటలనూ రెండు శిబిరాలు తమ అవసరానికే వాడుకొన్నవని నాకు తోస్తుంది. నామినేషన్‌పై సంతకం చేసి పిదప అంతరాత్మను ప్రస్తావించడం సూటియైన మార్గం కాదు. క్రమశిక్షణ గురించి పట్టుపడుతూ, పరాయి పక్షాల గుమ్మం ఎక్కడమూ సూటియైనది కాదు. అయినప్పటికి పత్రం చేతబట్టి ఒంటరిగా నిలిచిన సభ్యునికి ఆ నిమిషంలో ఎవరి భయమూ లేదన్నది సత్యం. రాజ్యాంగ నిర్మాతలు ఓటును రహస్యంగా ఉంచినది అందుకే. ఆ నిర్మాణ సభలో సంజీవరెడ్డిగారూ ఒక సభ్యులే కదా!

ఓటమి అనంతరం ఆయన స్వంత జిల్లాకు వెళ్ళి వ్యవసాయం చేసుకొన్నారు. 1971 ఎన్నికలలోను ఓటమియే ఎదురైంది. 1975లో జయప్రకాశ్ నారాయణ్ ఉద్యమంతో తిరిగి ప్రజాజీవితంలోకి వచ్చి, 1977 మార్చిలో జనతా అభ్యర్థిగా నంద్యాలలో పోటీచేశారు. ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాలలో 41 కాంగ్రెస్ గెలుచుకోగా, మిగిలిన ఆ ఒక్కటి ఆయనది. ఉత్తరాదిన కాంగ్రెస్ కొట్టుకొనిపోయిన ఎన్నికలో దక్షిణాదిన ఇట్టి ఫలితం వచ్చింది. మార్చి 26న రెండవమారు సభాపతి అయ్యారు. ఆ ఫిబ్రవరిలో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహమ్మద్, 1969లో స్వేచ్ఛా ఓటు కోరిన ఆయనే, కన్నుమూశారు. ఆ స్థానానికి జనతా పక్షం సంజీవరెడ్డిని ప్రతిపాదించగా కాంగ్రెస్ కూడా సమ్మతించింది. 37 నామినేషన్లలో 36 చెల్లకపోవుటచేత పోలింగే జరుగలేదు. 1977 జులై 25న ఆయన రాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. పోటీ లేకుండా ఎన్నికైన రాష్ట్రపతి మన చరిత్రలో ఆయన ఒక్కరే.

పదవిలోకి వచ్చిన కొద్ది దినాలకే జీతంలో నూటికి డెబ్బది వంతులు వదలుకొన్నారు. 1979లో మొరార్జీ ప్రభుత్వం పడిపోయినపుడు చరణ్‌సింగ్‌ను ఆహ్వానించారు. ఆయన పార్లమెంటును ఎదుర్కొనకుండానే ఆగస్టులో రాజీనామా చేయగా, జగ్జీవన్ రాంకు అవకాశం ఇవ్వక లోకసభను రద్దుచేశారు. బెంగుళూరులో 1969లో తన పేరుకు ప్రత్యామ్నాయంగా వచ్చిన పేరు కూడా జగ్జీవన్ రాందే. పాత కక్ష అని కొందరన్నారు. నాకు అట్లు అనిపించదు, కాని ఆ నిర్ణయాన్ని సమర్థించుట కూడ తేలిక కాదు. జగ్జీవన్ రాంకు బలం ఉన్నదో లేదో సభలోనే తేల్చి ఉండవలసినది. మధ్యంతర ఎన్నికలలో గెలిచిన ఇందిరాగాంధీచేత 1980 జనవరి 14న ప్రధానిగా ప్రమాణం చేయించినవారు సంజీవరెడ్డియే. ఆ జూన్‌లో గిరిగారు మద్రాసులో మరణించినపుడు రాష్ట్రపతి భవనంలో ఉన్నది ఆయన నాటి ప్రత్యర్థియే.

1982 జులై 25న జైల్‌సింగ్‌కు బాధ్యతలు అప్పగించి సంజీవరెడ్డిగారు అనంతపురం వెళ్ళిపోయారు. తరువాత ఏ పక్షంలోను చేరలేదు. 1989లో తన రాష్ట్రపతి దినాల జ్ఞాపకాలను ఆంగ్లంలో గ్రంథంగా వెలువరించారు. 1996 జూన్ 1న బెంగుళూరులో, 83 ఏండ్ల వయస్సులో, న్యుమోనియాతో కీర్తిశేషులయ్యారు.